ఆ ఫైలు చెరగనంటోందా? కాస్త ఆగండి

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, ఇంట్లో కంప్యూటరులో ఒక ఫోల్డరు ఎన్నిసార్లు చెరిపినా పోవడం లేదు. బలవంతంగా చెరిపే సాఫ్టువేరు ఏదో ఉంటుందట గదా, దాని పేరు చెప్పు" అన్నాడు.

"ఎందుకు పోనంటోంది?" అని అడిగాను.

"ఎందుకో ఏమిటి, పోనంటోంది, అంతే."

"తెర మీద ఏదో ఒకటి వ్రాసి ఉంటుంది కదరా, చదువు."

"అదా! దాన్ని ఎప్పుడో మూసేశాను."

ఆ చివరి మాట వినగానే గుండెల్లో కలుక్కుమంది. సరిగ్గా ఆ పనే నేను 2016లో చేశాను. నావి కాని వ్రాతలను, మరెక్కడా లేని వ్రాతలను, నా చేతులతో నేనే తుడిచివేశాను. తమ్ముడికి సాఫ్టువేరు పేరు చెప్పలేదు. వాడికి కోపం వచ్చింది. వాడికి ఫోనులో చెప్పలేకపోయినదంతా ఇక్కడ వ్రాస్తున్నాను.

ఆయన పేరు వ్రాయను. మనకందరికీ యూనికోడు తెలుగు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, అరవై దాటిన వయస్సులో, లేఖినిలో ఒక్కొక్క వాక్యమే కూడబలుక్కొని టైపు చేస్తూ తమ ఊరి ముచ్చట్లను ఒక వరుసగా వ్రాసిన పెద్దమనిషి ఆయన. చెరువు కలుజు మీద పందేలు, వేసవిలో ఊరికి వచ్చే తోలుబొమ్మలవాళ్ళు, కరణంగారి ఇంట్లో మొట్టమొదటి రేడియో. మొత్తం 41 టపాలు. 2008లో ఒక సెలవురోజున, ఎందుకు తోచిందో గాని, వాటినన్నిటినీ దింపుకొని దాచాను. అప్పట్లో నేను ఉబుంటు వాడేవాణ్ణి. బయటి హార్డుడిస్కులో ఒక ఫోల్డరు చేసి, ఆ వరుసకు ఆయన పెట్టుకొన్న పేరే దానికీ పెట్టాను. ఆయన పెట్టినట్లే చివర మూడు చుక్కలతో సహా.

ఆ చుక్కల సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో మన శీర్షికలలో చాలా భాగం చుక్కలతోనే ముగిసేవి. చెప్పినదానికంటే చెప్పనిది ఎక్కువ ఉందని పాఠకుడికి తెలియజేయడానికి మూడు, ఉద్వేగం మరీ ఎక్కువైతే ఏడెనిమిది.

కొన్నేళ్ళకు ఆయన బ్లాగు ఉన్న ఉచిత స్థలం మూతబడింది. 2013లో ఆయనా వెళ్ళిపోయారు. 2016 నాటికి నేను విండోస్ 10కి మారాను. డిస్కు నిండిపోయిందని ఒక రాత్రి సర్దడానికి కూర్చొంటే ఆ ఫోల్డరు కనబడింది. తెరవబోతే తెరుచుకోలేదు. దాని పరిమాణం చూస్తే సున్నా బైట్లని ఉంది. లోపలివాటిని ఎప్పుడో వేరే చోటికి మార్చుకొన్నానన్న జ్ఞాపకమొకటి నాలో బలంగా ఉంది (ఆ జ్ఞాపకం తప్పని తరువాత తేలింది). అంచేత ఇది ఖాళీ డొల్ల అనుకొని డిలీట్ మీట నొక్కాను. ఈ అంశం కనబడలేదు, ఇది ఇక్కడ లేదు, ఎక్కడుందో సరిచూసుకొని మళ్ళీ ప్రయత్నించండి అన్న అర్థం వచ్చే సందేశం వచ్చింది. కళ్ళెదుట ఉన్నదాన్ని పట్టుకొని లేదంటుందేమిటని విసుగు పుట్టింది. అంతర్జాలంలో వెదికితే రెండు నిమిషాలలో ఒక ఆదేశం దొరికింది. నల్లతెరలో అతికించి ఎంటర్ కొట్టాను. ఫోల్డరు మాయమయింది. నేను గెలిచినట్టే అనిపించి, హాయిగా పడుకొన్నాను.

నా అభిప్రాయం ఒక్కటే. ఇంటి కంప్యూటరులో ఏ ఫైలైనా చెరగనంటే, దానికి కారణం తెలిసేదాకా దాని మీద చేయి చేసుకోకూడదు. చెరగకపోవడానికి కారణాలు లెక్కలేనన్ని ఉండవు. ఉన్న నాలుగైదింటిలో ఏదైనదీ చాలాసార్లు తెర మీది వాక్యమే చెబుతుంది. మనం చదవము.

అసలు చెరపడమంటే ఏమిటో చూద్దాం. తెలుగులో దీనికి మాటలకు కొదవలేదు. పలకను తుడుస్తాము. కాగితం మీద మాటను కొట్టివేస్తాము, కాని కొట్టివేసిన మాట గీత కింద కనబడుతూనే ఉంటుంది. ముగ్గును చెరుపుతాము. కంప్యూటరు చేసే పనికి వీటిలో ఏదీ సరిగ్గా అతకదు. నాకు తోచినంతలో అది అడంగలులో పేరు కొట్టివేయడం లాంటిది. పేరు కొట్టివేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, అందులో పైరూ పోదు. ఆ చెక్కను ఇక వేరొకరి పేర వ్రాయవచ్చునని మాత్రమే అర్థం. పాత ఫాట్ పద్ధతిలోనైతే ఇది మరీ స్పష్టం. ఫైలు పేరులోని మొదటి బైటును ఒక గుర్తుతో మార్చి, అది ఉన్న స్థలం ఖాళీ అని వ్రాసుకొంటారు, అంతే. వ్రాత అక్కడే పడి ఉంటుంది, మరొక వ్రాత దాని మీద పడేదాకా.

కాబట్టి డిలీట్ నొక్కినప్పుడు కంప్యూటరు చేసేది ఒక రికార్డు పని. రికార్డు పని అంటే కొన్ని ప్రశ్నలు తప్పవు. దీన్ని ఇప్పుడు ఎవరైనా వాడుతున్నారా? చెరపమన్నవాడికి ఆ హక్కుందా? చెప్పిన పేరు గలది నిజంగా ఉందా? రికార్డు పుస్తకమే చిరిగి ఉందా? చెరగనన్న ఫైలు ఈ ప్రశ్నలలో ఏదో ఒకదాని దగ్గర ఆగి ఉంటుంది.

మొదటిది అన్నిటికంటే మామూలు. అద్దెకున్నవాడు ఇంట్లో ఉండగా ఎవరూ ఇల్లు కూలగొట్టరు. ఏదో ఒక ప్రోగ్రాము ఆ ఫైలును తెరిచి పట్టుకొని ఉంటే, దాన్ని చెరపడానికి విండోస్ సాధారణంగా ఒప్పుకోదు. ఎక్స్‌పీ కాలంలో, వేరే మనిషో ప్రోగ్రామో వాడుతున్నారని మాత్రమే చెప్పి ఊరుకొనేది. ఆ మనిషెవరో, ప్రోగ్రామేదో చెప్పేది కాదు. ఇంకో సందేశముండేది, అది మరీ అన్యాయం: డిస్కు నిండిందేమో, వ్రాయకుండా కాపలా ఉందేమో, ఫైలు వాడుకలో ఉందేమో చూసుకోండని మూడు కారణాలనూ ఒక్క గంపలో వేసి మన నెత్తిన పెట్టేది. ఆ రోజుల్లో వీడియో ఫైలు చెరగక విసిగిపోయినవారు మనలో చాలామందే ఉంటారు. తీరా చూస్తే దొంగ ఇంట్లోనే. ఫైళ్ళను చూపించే ఎక్స్‌ప్లోరరే, ఆ వీడియో నిడివి, వివరాలు చూద్దామని దాన్ని తెరిచి పట్టుకొని కూర్చొనేది. తరువాతి విండోస్‌లు ఏ ప్రోగ్రాము పట్టుకొందో చాలాసార్లు పేరు పెట్టి చెబుతున్నాయి. చెప్పకపోతే, విండోస్ 7 నుంచీ ఉన్న రిసోర్స్ మానిటరులో సీపీయూ భాగానికి వెళ్ళి, అసోసియేటెడ్ హ్యాండిల్స్ అన్న చోట ఫైలు పేరు టైపు చేస్తే చెబుతుంది. మైక్రోసాఫ్టువారి పవర్‌టాయ్స్‌లో 2022 నుంచి ఫైల్ లాక్‌స్మిత్ అన్న పనిముట్టు ఉంది. ఫైలు మీద కుడి మీట నొక్కితే చాలు, పట్టుకొన్నది ఎవరో చూపుతుంది. ఆ ప్రోగ్రామును మర్యాదగా మూస్తే ఫైలు చెరుగుతుంది. లేదా కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. సగం చిక్కులు అక్కడే తీరుతాయి.

లినక్స్‌లో ఈ గొడవ ఉండదని మన లినక్స్ మిత్రులు మీసం మెలేస్తారు. నిజమే, అక్కడ వాడుకలో ఉన్న ఫైలైనా చెరుగుతుంది. కాని చెరిగేది పేరు మాత్రమే. తెరిచి చదువుతున్న ప్రోగ్రాము దాన్ని మూసేదాకా వ్రాత అలాగే ఉంటుంది, స్థలమూ ఖాళీ కాదు. పెద్ద ఫైలు చెరిపినా డిస్కు ఖాళీ కాలేదేమిటని బుర్ర గోక్కొన్నవారికి కారణం చాలాసార్లు ఇదే. అక్కడ ఇంకొక చిత్రముంది. ఫైలును చెరపడానికి కావలసిన హక్కు ఫైలు మీద కాదు, అది ఉన్న ఫోల్డరు మీద ఉండాలి. పేరు కొట్టివేయాలంటే ఆ పేరు ఉన్న పుస్తకం మీద అధికారం కావాలి గదా! ఆలోచిస్తే న్యాయమే.

హక్కుల సంగతి త్వరగా ముగిస్తాను. పాత కంప్యూటరులోని డిస్కును తీసి కొత్తదానికి తగిలించినప్పుడు, మన ఫైళ్ళే మనకు పరాయివవుతాయి. పాత యంత్రంలోని నేను, కొత్త యంత్రంలోని నేను దాని దృష్టిలో ఇద్దరు మనుషులము. యాజమాన్యం మార్చుకొంటే సరిపోతుంది. కాని, ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్ అనుమతి కావాలని అడిగితే మాత్రం అది వ్యవస్థ ఫైలు. దాని జోలికి పోకండి. విండోస్.ఓల్డ్ అన్న పెద్ద ఫోల్డరును కూడా చేత్తో పీకవద్దు. డిస్కు శుభ్రపరచే సదుపాయంలోంచి తీసివేయమంటే అదే తీసివేస్తుంది. ఓపిక ఉంటే మామూలుగా పది రోజులకు దానంతటదే పోతుంది.

పేర్ల సంగతి దగ్గర మాత్రం కాస్త నిలబడాలి. ఇది తెలుగులో వ్రాసేవాళ్ళ సొంత చిక్కు. ఇంగ్లీషులో వ్రాసిన సలహాలలో ఇది కనబడదు.

విండోస్‌లో ఫైలు ఉన్న దారి మొత్తం, డ్రైవు మొదలుకొని ఫైలు పేరు చివరిదాకా, 260 గుర్తులు దాటకూడదన్నది పాత నియమం. 2016లో వచ్చిన విండోస్ 10 మార్పులలో దీన్ని సడలించుకొనే వీలు కల్పించారు గాని, ఆ వీలును వాడుకోని ప్రోగ్రాములు ఇప్పటికీ ఉన్నాయి. ఇంగ్లీషువాడికి 260 అంటే 260 అక్షరాలు. మనకు కాదు. రాష్ట్రం అన్న మాట మన కంటికి రెండక్షరాలు. యూనికోడు లెక్కలో ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, ర, సున్న, వెరసి ఎనిమిది. స్త్రీ ఒక్క అక్షరం, ఆరు గుర్తులు. టపా పేరునే ఫైలు పేరుగా పెట్టి, దాన్ని వరుస పేరున్న ఫోల్డరులో, దాన్ని బ్లాగు పేరున్న ఫోల్డరులో, దాన్ని "తెలుగు సాహిత్యం" అన్న ఫోల్డరులో పెట్టుకొంటూ పోతే, మనకు తెలియకుండానే హద్దు దాటుతాము. హద్దు దాటిన ఫైలు ఎలా పుట్టిందని అడుగుతారేమో. పై ఫోల్డరు పేరును తరువాత పెంచినా, జిప్ విప్పినా, లినక్స్ నుంచి తెచ్చినా పుడుతుంది. పుట్టనిచ్చి, తెరవనివ్వదు, చెరపనివ్వదు. దీనికి మందు చాలా తేలిక. పైనున్న ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్క అక్షరానికి కుదించండి. లోపలిది తెరుచుకొంటుంది. లినక్స్‌లో హద్దు వేరు. మామూలుగా ఒక్క పేరుకు 255 బైట్లు. తెలుగులో ప్రతి గుర్తుకు మూడేసి బైట్లు కాబట్టి, మనకు దక్కేది 85 గుర్తులు. ఇంగ్లీషువాడి వాటాలో మూడోవంతు!

ఇక కనబడని గుర్తులు. "సాఫ్ట్‌వేర్" అని విడదీసి వ్రాయడానికి ట తరువాత మనం వాడే కనబడని అడ్డుగోడ ఒకటుంది. అది కంప్యూటరుకు ఒక గుర్తే. ఒకే పేరుతో ఒకే చోట రెండు ఫైళ్ళు కనబడితే కంగారుపడవద్దు, ఒకదానిలో ఆ గోడ ఉండి ఉంటుంది. మాక్‌లోని పాత ఫైలు పద్ధతి ఐత్వాన్ని రెండు ముక్కలు చేసి దాచుకొనేది. అక్కడినుంచి జిప్‌లో వచ్చిన "కైలాసం" మనం టైపు చేసే "కైలాసం" కాదు. పేరు టైపు చేసి చెరపబోతే, అటువంటిది లేదంటుంది.

అన్నిటికంటే భయపడవలసినది ప్రశ్నార్థకం. నల్లతెరలో ఫైళ్ళ జాబితాను ఒక ఫైలులోకి పంపితే, ప్రత్యేకంగా చెప్పకపోతే తెలుగు పేర్లన్నీ వరుసగా ప్రశ్నార్థకాలై కూర్చొంటాయి. నోట్‌ప్యాడులో తెలుగు వ్రాసి పాత అలవాటున ఆన్సీలో దాచుకొన్నవారికి ఆ దృశ్యం పరిచయమే. అందులోంచి అయిదు ప్రశ్నార్థకాలను కాపీ చేసి, చెరపమని ఆదేశించారనుకోండి. ఆదేశాల భాషలో ప్రశ్నార్థకమంటే "ఇక్కడ ఏ అక్షరమైనా సరే" అని అర్థం. అయిదు అక్షరాలు, అంతకు లోపు పేరున్నవన్నీ పోతాయి. తెలుగు పేరున్న ఫైలు మీద నక్షత్రం గుర్తునో ప్రశ్నార్థకాన్నో ప్రయోగించేవారు ఒకసారి కుర్చీలోంచి లేచి మంచినీళ్ళు తాగి రావాలని నా మనవి.

ఇప్పుడు నా మూడు చుక్కల దగ్గరికి వస్తాను. విండోస్‌లో మామూలు దారిన వెళ్ళే ఏ పేరుకైనా చివర చుక్కలో ఖాళీయో ఉంటే, వాటిని నిశ్శబ్దంగా కత్తిరించి పారేస్తారు. లినక్స్‌లో ఆ పట్టింపు లేదు. నేను ఉబుంటులో చుక్కలతో పేరు పెట్టాను, డిస్కు దాన్ని అలాగే వ్రాసుకొంది. విండోస్‌లో దాన్ని చెరపమన్నప్పుడు, చుక్కలు కత్తిరించిన పేరు గల ఫోల్డరు కోసం వెదికారు. అది లేదు. లేదు కాబట్టి లేదన్నారు. లోపల ఏముందో లెక్కపెట్టమన్నా అదే గతి, సున్నా అన్నారు. యంత్రం అబద్ధమాడలేదు. తనకు తెలిసిన పేరుతో వెదికి, దొరకలేదని ఉన్నమాటే చెప్పింది. నేనే "దొరకలేదు" అన్నదాన్ని "లోపల ఏమీ లేదు" అని చదువుకొన్నాను.

నేను అతికించిన ఆదేశంలో దారికి ముందు \\?\ అన్న నాలుగు గుర్తులున్నాయి. పేరును దిద్దవద్దు, ఉన్నది ఉన్నట్టు తీసుకో అని వాటి అర్థం. చుక్కలు ఉన్న పేరును అది ఉన్నట్టే తీసుకొని, లోపలి 41 టపాలతో సహా తీసివేసింది. నల్లతెరలో చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి పోవు. షిఫ్టు పట్టుకొని డిలీట్ నొక్కినా, పెన్‌డ్రైవులోంచి చెరిపినా అంతే.

ఆ నాలుగు గుర్తులనే వాడి, చెరిపే బదులు పేరు మార్చమని అడిగి ఉంటే? చుక్కలు లేని పేరు వచ్చేది, ఫోల్డరు తెరుచుకొనేది, లోపలివి కనబడేవి. అదే కష్టం, అదే సమయం. నేను చదివిన పుటలో ఆ ఆదేశం లేదు. అడిగినవాడికి చెరపడమే కావాలి కాబట్టి, చెప్పినవాడు చెరపడమే చెప్పాడు. ఇక్కడే నాకు ఇటువంటి సలహాలతో పేచీ. వాటిలో ఎక్కువ భాగం "ఎలా చెరపాలి" అన్న ప్రశ్నకు జవాబులు. "ఎందుకు చెరగడం లేదు" అన్నది అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు. ఇక బలవంతంగా చెరిపే ఉచిత సాఫ్టువేర్ల సంగతి సరేసరి. వాటిలో కొన్ని తమ వెంట పిలవని చుట్టాలను కూడా ఇంట్లోకి తెచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి.

బలం వాడవలసిన సందర్భాలు లేవనను. వైరసు తనను తాను కాపాడుకొంటూ చెరగనంటే, దాన్ని బతిమాలనక్కరలేదు. అప్పుడూ ఫైలును చేత్తో పీకడం కంటే, విండోస్ మొదలవకముందే వెదికే ఆఫ్‌లైన్ స్కాను మేలు. చెరిపిన ఫైలు మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంటే కారణం రెంటిలో ఒకటి కావచ్చు. వన్‌డ్రైవు లాంటిది మరో యంత్రం నుంచి తిరిగి తెస్తుండవచ్చు. లేదా అది పెన్‌డ్రైవైతే ఆయువు తీరి, వ్రాయడం మానివేసి ఉండవచ్చు. ఆ రెండోదానిలో చెరగకపోవడమే మన అదృష్టం. చదవగలిగినంత కాలం అందులోవి బయటికి తీసుకోమని అది ఇస్తున్న చివరి గడువు అది. ఫైలు చెడిపోయిందని, చదవలేకపోతున్నానని డిస్కే చెబితే, చెక్‌డిస్కు నడపడానికి ముందు దక్కినవాటిని మరో చోటికి తీసుకోండి. అది పుస్తకాన్ని కుదురు చేస్తుంది గాని, అందులో ఏ పుట మీకు ప్రాణమో దానికి తెలియదు.

2017లో ఒకనాడు ఆయన కుమార్తె నుంచి ఉత్తరం వచ్చింది. "నాన్నగారి వ్రాతలు మీరు దాచుకొన్నానని ఒకసారి వ్యాఖ్యలో వ్రాశారట. మా అమ్మ చదువుకొంటానంటోంది. ఉంటే పంపగలరా, అన్నయ్యగారూ?" అని. నేను ఉత్సాహంగా డిస్కు తగిలించాను. నేను మార్చుకొన్నాననుకొన్న చోట అవి లేవు. ఎక్కడా లేవు. అప్పుడు వెలిగింది, ఆ రాత్రి నేను ఏమి చేశానో. ఇంటర్నెట్ ఆర్కైవులో చూస్తే ఆయన బ్లాగు ముఖపుట రెండుసార్లు దొరికింది, టపాలు దొరకలేదు.

ఒక్క అదృష్టం, అది తిరిగే పళ్ళెపు డిస్కు. ఇప్పటి ఎస్సెస్డీలలోనైతే, చెరిపిన స్థలాన్ని ట్రిమ్ అన్న పద్ధతి వెనువెంటనే ఖాళీ అని చెప్పివేస్తుంది, తిరిగి దొరకడం దాదాపు కల్ల. డిస్కును ఇంకేమీ వ్రాయకుండా పక్కన పెట్టి, ఫోటోరెక్ అన్న ఉచిత పనిముట్టుతో మరో డిస్కులోకి వెలికితీశాను. అది వస్తువును బట్టి పట్టుకొంటుంది, పేర్లు దానికి తెలియవు. వేల కొద్దీ ఫైళ్ళు, అంకెలే పేర్లుగా, గుట్టగా వచ్చి పడ్డాయి. వాటిలో తెలుగువి ఏరడానికి ఒక కిటుకు పనికివచ్చింది. యూటీఎఫ్-8లో వ్రాసిన ప్రతి తెలుగు గుర్తూ ఒకే బైటుతో మొదలవుతుంది, రెండో బైటుకు ఉన్నవి రెండే రూపాలు. ఆ జంటలు దట్టంగా ఉన్న ఫైళ్ళన్నిటినీ వేరు చేసి, వాటిలో "మా ఊళ్ళో అప్పట్లో" అన్న మాట కోసం వెదికాను. ఆయన ఏ టపాలోనైనా ఆ మాట ఒక్కసారైనా వ్రాయకుండా ఉండలేరు. 26 టపాలు దొరికాయి. రెండు సగంలో తెగిపోయాయి. తోలుబొమ్మలవాళ్ళ టపాలో, రాత్రి ఆట మొదలయ్యే చోట ఆయన వాక్యం ఆగిపోయి, దాని వెనుకనే నా కరెంటు బిల్లు మొదలవుతుంది.

వాటిని అచ్చు తీసి పంపాను. మిగిలినవి ఏమయ్యాయో కూడా వ్రాశాను, దాచలేదు. ఆ అమ్మాయి "ఇవైనా దొరికాయి, అమ్మ రోజుకొకటి చదివించుకొంటోంది" అని జవాబిచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది.

అప్పటినుంచీ నా కంప్యూటరులో "అటక" అని ఒక ఫోల్డరు ఉంది. చెరపాలనుకొన్నది ఏదైనా ముందు అందులోకి ఎక్కుతుంది, పండుగకు పండుగకు మాత్రం దులుపుతాను. చెరగనన్నదాన్ని ముందు కాపీ చేయగలనా, పేరు మార్చగలనా, మరో యంత్రంలో తెరవగలనా అని చూస్తాను. పేర్ల చివర చుక్కలు పెట్టను. శీర్షికలో మాత్రం, ఏం చేయను, అలవాటు పోలేదు.

జియోసిటీస్ 2009లో పోయింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో పోయాయి, ఎన్నెన్ని తెలుగు చర్చలతోనో. మన తొలినాళ్ళ వ్రాతలలో కొన్ని ఇప్పుడు ఎవరి ఇంట్లోనో, అటక మీది పాత సీపీయూలో, తెరుచుకోని ఒక ఫోల్డరులో మాత్రమే ఉండవచ్చు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ముగిసింది కాబట్టి, పాత యంత్రాలను తుడిచి ఇచ్చివేస్తున్నవారు మీలో చాలామందే ఉంటారు.

తమ్ముడు నిన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి సందేశం చదివాడు. పిన్ని పాత ఫోటోలను ఏదో ప్రోగ్రాము ఇంకా క్లౌడులోకి ఎక్కిస్తూనే ఉందట, సగమే ఎక్కాయట. ఎక్కడం పూర్తయ్యేదాకా ఆగుతానన్నాడు.

ఇక నాకు ఇంకా 15 టపాలు కావాలి. మీలో ఎవరైనా ఆ రోజుల్లో ఆయన వ్రాతలను దాచుకొని ఉంటే, పాత డిస్కులలో ఒకసారి చూడగలరా? వరుస పేరు చివర మూడు చుక్కలుంటాయి. తెరుచుకోకపోతే చెరపకండి, నాకు చెప్పండి.